వెన్నెల మేత

బస్సు నన్ను రోడ్డు మీద దించి దుమ్ము లేపుకుంటా పోయింది. సాయంత్రం ఐదున్నర. బెళుగుప్ప దాటినాక పడమటికి మట్టి దోవ. దోవ చివర ఇనప కంచె. కంచె లోపల కంటికి ఆనినంత దూరం సోలార్ పలకలు, వరస మీద వరస. కుడి పక్క రాళ్ల గట్టు, గట్టు మీద గాలిమరలు. గాలి ఉండె గానీ అంతా వేడి గాలి. నీడ అనేది ఆ పలకల కింద తప్ప ఇంకెక్కడా లేదు. నా భుజాన పాత ఆర్మీ సంచి. దాంట్లో దుప్పటి, రెండు జతల గుడ్డలు, నీళ్ల సీసా, క్యాంటీన్లో కొన్న బైనాక్యులర్. అదీ నా కిట్టు.

మీరు నన్ను ఎప్పుడూ అడిగేది మంచు సంగతి. టీ అంగడి కాడ కూచున్నా, పెండ్లి పంక్తిలో కూచున్నా అదే మాట. "ఏమన్నా, బార్డర్లో ఎట్లుంటాది? కాల్చినావా ఎవురినైనా?" చెప్పినా చానా తూర్లు. ఇప్పుడు చెప్పేది అది కాదు. ఆర్టిలరీలో పదిహేడేండ్లు చేసి, హవల్దారుగా దిగి ఇంటికొచ్చినాక, మన జిల్లాలోనే, మన మన్ను మీదనే ఒక నెల చేసిన డ్యూటీ. ఆ పదిహేడేండ్లూ ఒక పక్క, ఈ నెల ఒక పక్క. ఏది బరువంటే నేను ఈ నెలనే చూపిస్తా.

గేటు కాడ సూపర్‌వైజరు నిలబడి ఉండె. ఇరవై ఎనిమిదేండ్ల పిల్లోడు, బీటెక్ చదివినాడు, పక్క మండలమే. ఆర్డర్లు అక్కడే చెప్పినాడు.

"అన్నా, మీది రెండో టవరు. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా. రాగి కేబుల్ దొంగలు వస్తాండారు. చీకటి రాత్రుల్లోనే వస్తారు. వాకీటాకీ ఆపొద్దు. నిద్రపోతే జీతం కట్."

"చంద్రుడు ఎప్పుడు మునుగుతాడు, ఎప్పుడు లేస్తాడు అనేది ఆర్డర్లో ఉండాదా?" అని అడిగినా.

వాడు నా మొగం చూసి నవ్వినాడు. "అదెందుకన్నా?"

ఆర్మీలో ఏ ఆర్డరు ఇచ్చినా పైన నాలుగు మాటలుంటాయి. మొదటి వెలుగు ఎప్పుడు, చివరి వెలుగు ఎప్పుడు, చంద్రోదయం, చంద్రాస్తమయం. నేను ఓపీలో పని చేసినోన్ని. ఓపీ అంటే ముందుకుపోయి ఎత్తున కూచుని, శత్రువు యాడుండాడో చూసి వెనకున్న ఫిరంగి తోపులకు చెప్పే పోస్టు. ఆడ చంద్రుడు మనకు దేవుడూ కాదు, మామా కాదు. వాడు లైటు. ఉంటే మనం కనపడతాము, లేకుంటే వాళ్లు వస్తారు. అంతే లెక్క.

టవరంటే ఇనప నిచ్చెన, పైన రేకు గుడిసె, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి. నాకు తోడు గేటు గార్డు మస్తాన్. ముదిగుబ్బ మనిషి. నిన్న మొన్నటి దాకా పరుపులు కుట్టేటోడు. ఊరూరా రెడీమేడ్ పరుపులొచ్చి వాని పని గాలికి పోయింది. నాకంటే రెండేండ్లు చిన్న. గంటకొకసారి నా టవరు కిందికి వచ్చి రెండు మాటలు మాట్లాడి పోతాండె.

ఆ పొద్దు అమాస వెళ్లిన సాయంత్రం. రంజాన్ నెలవంక కనపడుతుందేమోనని మస్తాన్ ఆరు గంటల నుంచీ పడమటి దిక్కే చూస్తాండె. నా బైనాక్యులర్ అడిగినాడు. ఇచ్చినా. కండ్లకు పెట్టుకున్నోడు ఒక్క ఎగురు ఎగిరినాడు.

"కనపడిందన్నా! నెలవంక! సన్నగా, కొడవలి మాదిరి! అల్లా!"

ఫోను తీసి ఊర్లో మసీదు పెద్దకు కొట్టబోతాండాడు. నేను బైనాక్యులర్ పెరుక్కుని చూసినా. చూసి నవ్వినా. అంత విరగబడి నవ్వల్లంటే మళ్ళ ఆ నెలలో నాకు అట్లాంటి రాత్రి దొరకలేదు.

"ఓరి నీ పాసుగాల, అది శుక్రుడురా. సాయంత్రం చుక్క. అది భూమికి దగ్గరికి వచ్చేటప్పుడు దానికీ వంక పడతాది. ఉత్త కండ్లకు చుక్క, బైనాక్యులర్లో కొడవలి. ఫోను చేసి ఊరంతటికీ ఒక దినం ముందు ఒక్కపొద్దు పెట్టిస్తాంటివి."

మస్తాన్ బిక్క మొగమేసినాడు. "చుక్కకు వంకేమన్నా? నువ్వు మిల్ట్రీలో నేర్చినావో, నన్ను ఎగతాళి చేస్తాండావో తెలీదు." మళ్ళ చూసినాడు. మళ్ళ మళ్ళ చూసినాడు. తర్వాతి దినం నిజమైన నెలవంక అదే శుక్రుని పక్కన వచ్చి నిలబడింది. అప్పుడు నమ్మినాడు. వానికి రంజాన్ మొదలు. నాకు ఫాల్గుణ విదియ. ఇద్దరికీ చంద్రుడొక్కడే కాబట్టి ఇద్దరికీ ఒకటే నెల.

మొదటి వారం దొంగలు రాలేదు. వచ్చినవి రేడియోలో పిచ్చి మాటలు. కంట్రోల్ రూములో ఆపరేటరు కెమెరా తెరల ముందర కూచునేటోడు. ఎప్పుడూ ఆకాశం చూసి ఎరగడు.

"టవర్ టూ, టవర్ టూ. పడమట పెద్ద లైటు ఉండాది. కదల్లేదు. డ్రోనా? ఓవర్."

"శుక్రుడప్పా. ఎనిమిదికి మునుగుతాడు. ఓవర్."

"నడినెత్తిన ఇంకొకటి ఉండాది. ఓవర్."

"గురుడు. వాడు నిన్నా ఉన్న్యాడు, రేపూ ఉంటాడు. పండుకో. ఓవర్."

గట్టు మీద గాలిమరల ఎర్ర లైట్లు ఆరుతా వెలుగుతా ఉంటాయి. వాటికి పైన ఆరకుండా ఎర్రగా ఉండేది కుజుడు. నాలుగో రాత్రికి ఆపరేటరు కూడా గుర్తు పట్టినాడు.

ఇంక గడ్డి సంగతి చెప్పల్ల. దాని కాడనే అంతా ఉండాది.

ఆ ఏడు వానలు ముఖం చాటేసినాయి. శెనక్కాయ విత్తనం మన్నులోనే మాడిపోయింది. మార్చి వచ్చేటప్పటికి ఆ పక్కంతా ఎర్ర నేల, రాళ్లు, ముండ్ల కంప. గొర్రె నోటికి అందేది ఏమీ లేదు. కంచె లోపల మాత్రం పచ్చిక. ఎందుకంటే పలకల మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతాది. అందుకని ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి పలకలు కడుగుతారు. ఊర్లో ఆడోళ్లు బిందెలు పెట్టుకుని బోరు కాడ కొట్లాడుకుంటాంటే, ఈడ అద్దాలకు స్నానాలు. ఆ కడిగిన నీళ్లు కారి పలకల కింద మోకాలెత్తు గడ్డి. చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతాండె. ఆ గడ్డి కోయించల్లంటే కూలీలు. కోయకుంటే ఎండి నిప్పంటుకుంటాది.

చవితి నాడు సాయంత్రం సూపర్‌వైజరు నా టవరు కాడికి వచ్చినాడు. వెంబడి ఒక ఆడమనిషి. నలభై ఐదేండ్లుంటాయి. భుజాన గొంగడి, చేతిలో కట్టె. పేరు మాళమ్మ. గట్టు అవతల దొడ్డి వేసుకుని ఉండారు, ఆమే, ఆమె మొగుడు నింగప్ప. నింగప్పకు లారీ తగిలి కాలు సరిగా పని చేయదు. దొడ్డి కాడనే పండుకుంటాడు. మందను తోలేది ఆమే.

"అన్నా, ఈమె గొర్లను రాత్రి పూట లోపలికి ఇడుద్దాం," అన్నాడు సూపర్‌వైజరు. "గడ్డి మేసిపోతాయి, మనకు కోత కూలి మిగులుతాది. పగలు వద్దు. హెడ్డాఫీసు వాళ్లు ఎప్పుడొస్తారో తెలీదు. టార్చీలు వెయ్యొద్దు, కెమెరాలో మెరుస్తాది. చీకట్లోనూ వద్దు, అక్కడక్కడ కేబుల్ గుంతలు తెరిచి ఉండాయి, పడి చస్తాయి. వెన్నెల ఉన్నంతసేపే. మీకు చంద్రుని లెక్క తెల్సు గదా, మీరే చూసుకోండి."

"రాసిస్తావా?" అని అడిగినా.

"దీనికి రాతేమన్నా? నా మాట లేదా?"

ఆర్మీలో నోటి మాటే ఆర్డరు. ఫోన్లో ఆఫీసరు ఒక మాట చెప్తాడు, వంద మంది లేచి మంచులోకి నడుస్తారు. కాయితం అడగరు. ఎందుకంటే ఆ మాట చెప్పినోడు ఆ మాట వెనక నిలబడతాడు. ఈడా అంతేననుకున్నా. సరేనన్నా.

మాళమ్మ నా పక్క తిరిగింది. "మిల్ట్రీ అన్నా, నలభై చిల్లర జీవాలు. ఒక పొట్టేలు తప్ప అన్నీ ఈనిన తల్లులు. అమ్ముదామంటే సంతలో ఎముకలకు ఎవురూ రారు. చానామంది కాలవల దిక్కు తోలుకోని పోయినారు. మా ఆయప్ప కాలితో మేము పోలేము. ముంగారు, తొలకరి వాన పడేదాకా వీటిని నిలబెట్టుకుంటే బతుకుతాము. లేదంటే దొడ్డి ఎత్తేయడమే." ఏడవలేదు. అడుక్కోలేదు. ఉండేదున్నట్టు చెప్పింది.

అట్ల మొదలైంది వెన్నెల మేత. నేను దాన్ని ఆపరేషన్ మాదిరి నడిపినా. నవ్వుతారేమో, నవ్వండి. నాకు తెలిసిన పద్ధతి అదొకటే. చంద్రుడు దినానికి రెండు ఘడియలు వెనక పడతాడు, అంటే ముప్పావు గంట పైచిలుకు. శుద్ధ పక్షంలో పొద్దు మునిగేటప్పటికే చంద్రుడు ఆకాశంలో ఉంటాడు కాబట్టి ఏడుకు గొర్లు లోపలికి. మునిగే ముందర అర్ధగంటకు బయటికి. చవితి నాడు రెండు గంటల మేత కూడా దొరకలేదు. అష్టమి నాటికి అర్ధరాత్రి దాకా. పౌర్ణమికి తెల్లవార్లూ. ఉత్తరం పక్క చిన్న గేటు ఉండాది, దాని తాళం మస్తాన్ కాడ. వాకీటాకీలో గొర్లనే మాట అనకూడదు. "బండి వచ్చింది" అంటే లోపలికొచ్చినాయని. "బండి పోయింది" అంటే బయటికి.

మొదటి రెండు రాత్రులు గొర్లు బెదిరినాయి. పలకల్లో చంద్రుడు కనపడతాడు. ఒక్కో పలకలో ఒక్కో చంద్రుడు. గొర్రె తల ఎత్తితే ఎదురుగా ఇంకో గొర్రె, దాని నెత్తిన ఇంకో చంద్రుడు. ముందు నడిచే పొట్టేలు దాన్ని పొడవబోయింది. మాళమ్మ దాని చెవు పట్టుకుని తిట్టింది. "ఏమిరా, నీ మొగం నీకే నచ్చలేదా?" పలకలకు దెబ్బ తగిలితే అందరి కొంప మునుగుతాది. మూడో రాత్రికి అవీ అలవాటు పడినాయి.

మాళమ్మ నా టవరు కింద గొంగడి పరుచుకుని కూచునేది. నేను పైన. మధ్యలో మాటలు.

"అన్నా, మంచు మీద వెన్నెల ఇట్లే ఉంటాదా?"

"ఇంకా తెల్లగా ఉంటాది. పేపరు చదవచ్చు."

"చదివి ఏం చేస్తాంటివి ఆడ?"

"దేవుని తోడు, ఏమీ లేదు మాళక్కా. అవతలోడు కనపడితే చెప్పడం."

"వాడూ నీ మాదిరే కూచోని ఉంటాడు గదా."

"కూచునే ఉంటాడు."

"ఇద్దరికీ పని లేకపోయె." అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. పదిహేడేండ్ల సర్వీసుకు అంత పొట్టి మాట ఎవురూ చెప్పలేదు.

సగం చంద్రుడు గురుని పక్కన నిలబడిన రాత్రి ఆమెకు బైనాక్యులర్ ఇచ్చినా. గురుని పక్కన చిన్న చిన్న చుక్కలు ఒకే గీత మీద కనపడతాయి, అవి వాని చంద్రులని చెప్పినా. చానాసేపు చూసింది. "వానికి నాలుగా? మనకు ఒకటే ఇచ్చి సరిపెట్టినాడే దేవుడు. నాలుగుంటే నా గొర్లకు రోజూ మేతే గదా," అనింది. శుక్రున్ని చూపించి, ఇదే కొన్నాళ్లకు తెల్లారుజామున వేగుచుక్క అవుతాదంటే మాత్రం ఒప్పుకోలేదు. "పోన్నా, అది వేరే. అది దీనికి చెల్లెలు," అని పట్టు పట్టింది. మస్తాన్ గూడా ఆమె పక్కే. ఇద్దరూ కలిసి నన్ను ఓడగొట్టినామని సంతోషపడినారు.

పౌర్ణమి దాటేటప్పటికి గొర్లకు నడుము మీద కండ వచ్చింది. చేత్తో తడిమితే తెలుస్తాండె. మాళమ్మ మొగంలోనూ తెలుస్తాండె. ఒక రాత్రి సొద్ద రొట్టెలు, ఎండు మిరపకాయల చట్నీ తెచ్చింది. మస్తాన్ ఒక్కపొద్దుకు ముందర, తెల్లారుజామున సహరీకి అవే తిన్నాడు. నాకు ఆ పొద్దు అనిపించింది, మిల్ట్రీలో చేయలేని పని ఒకటి ఈడ చేస్తాండామని. ఎవురినీ కాల్చకుండా, ఎవురినీ కాపు కాయకుండా, నలభై జీవాలను నిలబెడతాండామని. పొంగిపోయినా. ఇప్పుడు తలుచుకుంటే నోరు చేదవుతాది.

బహుళ పక్షంలో లెక్క తలకిందులు. సాయంత్రం చీకటి. చంద్రుడు లేచేదాకా గొర్లు గేటు బయట పండుకుంటాయి. చంద్రుడు లేస్తానే లోపలికి. మొదట్లో పది గంటలకు, తర్వాత అర్ధరాత్రికి, తర్వాత రెండుకు. శుక్రుడు పడమట కిందికి కిందికి జారి ఒక సాయంత్రం లేకుండా పోయినాడు. ఆపరేటరు రేడియోలో, "టవర్ టూ, మీ డ్రోను రాలేదు ఈ పొద్దు, ఓవర్," అన్నాడు.

ఆ వారం ఎలుకలు పడినాయి. చేన్లలో గింజ లేక అవీ లోపలికి వచ్చినాయి. కేబుళ్లు కొరికినాయి. రెండు వరసలు కరెంటు ఆగిపోయింది. హెడ్డాఫీసు నుంచి సూపర్‌వైజరుకు ఫోన్ల మీద ఫోన్లు.

డ్యూటీ మార్పిడి ఆరు గంటలకు. రోజూ నేను ఒకటే మాట అడుగుతాంటి. ఆర్మీ అలవాటు. "పగలు కొత్తగా ఏమన్నా జరిగిందా? రాత్రికి మేము తెలుసుకోవల్సింది ఏమన్నా ఉండాదా?" ద్వాదశి సాయంత్రమూ అడిగినా. సూపర్‌వైజరు మోటార్‌సైకిల్ మీద కూచుని ఉండె. ఉగాదికి ఇంట్లో వాళ్లకు గుడ్డలు తేవల్ల, అనంతపురం పోతాండాడు.

"ఏమీ లేదన్నా. అంతా మామూలే."

ఆ మాట రెండు చెవుల్తో విన్నా. మస్తాన్ విన్నాడు.

చంద్రుడు లేచింది మూడున్నర దాటినాక. తూర్పున గట్టు పక్క, సన్నటి వంక. వెన్నెల అంటే ఏదో పేరుకే. గుంతల అంచులు కనపడేంత ఉండె. మస్తాన్ చిన్న గేటు తీసినాడు. "బండి వచ్చింది, ఓవర్."

గొర్లు ఆ పొద్దు గడ్డిని పట్టుకున్నట్టు లేవు. పలకల కింద వరసెంబడి తల దించి పోతాండాయి, పోతాండాయి. తల ఎత్తలేదు. మాళమ్మ కూడా చూసింది. "ఈ పొద్దు బాగా మేస్తాండాయన్నా," అనింది. బాగా మేస్తాండాయని సంతోషపడింది.

ఐదు దాటినాక తూర్పున కాస్త వెలుగు. బయటికి తోలల్ల. మాళమ్మ నాలుక కొట్టి పిలిచింది. ముందు నడిచే పొట్టేలు రెండడుగులు వేసి మోకాళ్ల మీద కూలింది. మళ్ళ లేచింది. మళ్ళ కూలింది. పండ్లు కొరుకుతాండె. దాని వెనక ఇంకో గొర్రె. కడుపు ఉబ్బిపోయి, నోట్లో నురగ. నేను నిచ్చెన ఎట్ల దిగినానో తెలీదు. టార్చి వేసినా. కెమెరాలు కానీ, హెడ్డాఫీసు కానీ, ఎవురన్నా చూసుకోనీ. పలకల కింద, గడ్డి మొదట్లో, కేబుల్ గుంతల పక్కెంబడి జొన్నలు. నూనె పట్టించిన జొన్నలు, నల్లటి పొడి అంటుకుని. చేతిలోకి తీసుకుని వాసన చూసినా. ఎలుకల మందు.

"మస్తాన్! కంట్రోల్! అందరూ రండి! నీళ్లు తెండి!"

"టవర్ టూ, ఏమైంది? ఓవర్."

"చస్తాండాయి రా! గొర్లు చస్తాండాయి! ఓవర్ లేదు ఏమీ లేదు, డాక్టరుకు ఫోన్ కొట్టు!"

ఆ మందుకు నీళ్లు మంచివి కావని పశువుల డాక్టరు వచ్చినాక చెప్పినాడు. అయినా అప్పటికి చేసేదేమీ లేదన్నాడు. మాళమ్మ ఒక్కో గొర్రె నోట్లో వేళ్లు పెట్టి జొన్నలు తీస్తాండె. ఇది తీసేటప్పటికి అది పడతాండె. దాని కాడికి పోయేటప్పటికి ఇంకోటి. పేర్లతో పిలుస్తాండె. నల్లమొగందానా, చెవిలదానా, లెయ్యే, లెయ్యే నా తల్లీ అని. పొద్దు బారెడెక్కేటప్పటికి పిలిచేదానికి ఏదీ మిగల్లేదు.

ఇప్పుడు మీరు వినాల్సింది ఇది. పగలు జొన్నలు చల్లినోళ్లకు రాత్రి గొర్లు వస్తాయని తెలీదు. రాత్రి గొర్లను తోలినోళ్లకు పగలు జొన్నలు చల్లినారని తెలీదు. రెండూ తెలిసినోడు ఒక్కడు. రెండు ఆర్డర్లూ వాడే ఇచ్చినాడు.

ఆ సూపర్‌వైజరు ఎనిమిదికి వచ్చినాడు. చూసినాడు. మొగం తెల్లబడిపోయింది. నేను వాని కాలరు పట్టుకున్నా. అబద్ధమెందుకు, పట్టుకున్నా.

"నిన్న సాయంత్రం నిన్ను అడిగితి గదరా. ఏమీ లేదంటివి గదరా."

"గుర్తు రాలేదన్నా. ఒట్టు. గొర్ల సంగతి ఆ టైముకు బుర్రలోనే లేదు."

"నలభై ప్రాణాలు బుర్రలో లేకపోయెనా నీకు!"

 వాని కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. ఆ నిముషం వాని మీద నాకు జాలి పుట్టింది. పిల్లోడు, మరిచిపోయినాడు, మనిషన్నాక మరుస్తాడు. వాడు ఆడ ఆగి ఉంటే నేను ఈ పొద్దు ఈ మాటలు ఇంత కోపంగా చెప్పేటోన్ని కాదు. వాడు ఫోను పట్టుకుని పలకల చాటుకు పోయినాడు. పావుగంట మాట్లాడినాడు. తిరిగొచ్చినోడు వేరే మనిషి. కండ్లు తుడుచుకుని ఉండె.

ట్రాక్టరు తెప్పించినాడు. గొర్లను కాళ్లు పట్టి లాగి, కంచె అవతల వేయించినాడు. ఎలక్ట్రీషియన్ చేత కంచె వైరు ఒక చోట కోయించినాడు. ఫోటోలు తీసినాడు. నేను అడ్డం పోతే ఇద్దరు పగటి గార్డులు నన్ను పట్టుకున్నారు. వాళ్లు కూడా మాజీ సైనికులే. ఒకడు చెవిలో, "వద్దన్నా, పిల్లలు గలోళ్లం," అన్నాడు.

పదకొండుకు ఎస్సై వచ్చినాడు. సూపర్‌వైజరు గడగడా చెప్పినాడు. కంచె కత్తిరించి, దొంగతనంగా గొర్లను తోలినారని.

నేను ముందుకు పోయి ఉన్నదున్నట్టు చెప్పినా. చవితి నుంచి ద్వాదశి దాకా, ఏ రాత్రి ఎన్ని గంటలకు లోపలికి, ఎన్ని గంటలకు బయటికి, అంతా. చంద్రుని లెక్కతో సహా. ఎస్సై అలసిపోయిన మనిషి. చెడ్డోడు కాదు. అన్నీ విన్నాడు.

"మీకు రాతపూర్వకంగా ఆర్డరు ఉందా?"

"నోటి మాట సార్."

"నోటి మాట నేనేం చేసుకోవల్ల హవల్దార్ సాబ్?"

"గేటు గార్డును అడగండి. తాళం తీసింది వాడే."

మస్తాన్‌ను పిలిచినారు. మస్తాన్ నా మొగం చూల్లేదు. నేల చూసినాడు. "నేను మెయిన్ గేటు కాడ ఉంటి సార్. నాకేమీ తెలీదు," అన్నాడు. నోరెండిపోయి ఉండాది వానికి. ఒక్కపొద్దు నోరు. రంజాన్ పండగ ఇంకా మూడు నాలుగు దినాలుండాది. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు, పరుపుల పని లేదు. నేను వాన్ని ఏమీ అనలేదు. ఇప్పుడు గూడా అనను. కానీ ఆ మాట నాకు తూటా మాదిరి తగిలింది. ఆ మాట సంగతి మాత్రం దాచను.

మాళమ్మను అడిగితే ఒకటే చెప్పింది. "రమ్మన్నారు, వస్తిమి." ఎవురు రమ్మన్నారంటే సూపర్‌వైజరు పక్క చెయ్యి చూపించింది. ఆ చేతిని ఎవురూ రాసుకోలేదు. మధ్యాహ్నానికి ఊరి పెద్దలొచ్చినారు. కంచె కత్తిరించిన కేసు పెట్టకుండా కంపెనీ వాళ్లు వదిలేస్తారు, గొర్ల నష్టం ఈమె అడగకుండా వదిలేస్తాది, ఇదీ రాజీ. మందను చంపి, చంపినోళ్లే క్షమించి పంపించినారు. థూ. అట్లాంటి న్యాయం నేను శత్రువు కాడ గూడా చూల్లేదు. శత్రువు కాలుస్తాడు. కాల్చి నువ్వే అడ్డమొచ్చినావని మనతో ఒప్పించుకోడు.

నన్ను ఆ సాయంత్రమే పంపించేసినారు. క్రమశిక్షణ లేదని. పదిహేడేండ్లలో నా మీద ఎవురూ రాయని మాట అది. సంచి సర్దుకున్నా. నిచ్చెన దిగినా. ఆపరేటరు మాత్రం గేటు దాకా వచ్చినాడు. "అన్నా, కెమెరాలో టార్చి లైటు రికార్డ్ అయింటాది," అన్నాడు మెల్లగా. మళ్ళ వాడే, "చెరిపేసినారులే," అన్నాడు. వాని చేత్తోనే చెరిపించింటారు. నేను అడగలేదు.

బస్సులో ఊరికొచ్చినా. మూడో దినం ఉగాది. ఆ సాయంత్రం మా ఇంటి ముందర పిల్లలు పడమటికి చూసి గోల చేస్తాండారు. నెలవంక. పక్కింటి వాళ్లు రంజాన్ చంద్రుడని దండాలు పెట్టుకుంటాండారు, మా వాళ్లు కొత్త సంవత్సరం చంద్రుడని దండాలు పెట్టుకుంటాండారు. ఫోను మోగింది. మస్తాన్ పేరు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళ మోగింది. ఎత్తి, "పండగ ముబారక్ మస్తాన్," అన్నా. అవతల వాడు ఏడుస్తాండాడు. ఏడ్వనిచ్చినా. తర్వాత పెట్టేసినా.

ఇప్పుడు మీరు మంచు సంగతి అడిగితే చెప్తా. పక్కన నిలబడినోడు కూలిపోవడం చూసినా, వాన్ని మోసుకోని దిగినా. అవి కలలోకి వస్తాయి, పోతాయి. పోనిది ఒకటుండాది. అది ఆ పొద్దుదే, రాజీ అయినాక.

మాళమ్మ కంచె అవతల చచ్చిన గొర్ల మధ్యన తిరుగుతా, మెడల్లో ఉన్న గంటలు ఒక్కోటి ముడి విప్పి తీసుకునింది. కొంగులో వేసుకునింది. నేను తోడు పోయినా. గట్టు ఎక్కి, దిగి, వాళ్ల దొడ్డి కాడికి నడిచినాము.  పాలు తాగే గొర్రెపిల్లలను రాత్రి మేతకు తోలరు, చలికీ గుంతలకూ తట్టుకోలేవని. అవన్నీ కంప దొడ్లోనే ఉండాయి. ముందటి రాత్రి నుంచీ పాలు లేవు వాటికి. నింగప్ప మధ్యలో కూచోని ఒక్కోదాని నోట్లో వేలు పెడతాండె.

ఆమె నడుస్తాంటే కొంగులో గంటలు మోగుతాండాయి. మంద మొత్తం నడిచొస్తాంటే ఎట్ల మోగుతాయో అట్లనే. దొడ్డికి ఇంకా చానా దూరం ఉండంగానే పిల్లలు ఆ సద్దు విన్నాయి. తల్లులొస్తాండాయని అన్నీ ఒక్కసారి అరుస్తా లేచి, ఒకదాని మీద ఒకటి పడతా, కంపలోకి మూతులు దూర్చి మా కోసం చూసినాయి. మాళమ్మ ఆడనే ఆగిపోయింది. సద్దు కాకుండా గంటలను రెండు చేతుల్తో రొమ్ముకు అదుముకోని, ముందుకు పోలేక, వెనక్కు రాలేక, ఎండలో నిలబడింది.